రాజరికం ఒకరిది... శిక్ష మరొకరికి!

పిల్లలు మరీ అల్లరి చేసి ఇల్లు పీకి పందిరేస్తుంటే మా ఇంట్లో పెద్దవాళ్లు కసిరే తిట్టు ఒకటుంది. "రజాకార్లలా తయారయ్యారేంట్రా!" అంటారు. చిన్నప్పుడు మేమూ తిన్నాం ఆ తిట్టు. దాని అర్థమేమిటో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. దొంగలో, దోపిడీగాళ్లో అయ్యుంటారులే అనుకున్నాం.

ఈ కాలం పిల్లలు అలా ఊరుకోరు కదా! తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఆ మధ్య టీవీలో ఓ సినిమా చూసి, "రజాకార్లంటే సాయిబులేనా అమ్మా? మరి మా క్లాసులో నా పక్కన కూచునే అమ్మాయి వాళ్ల తాతలు కూడా అలాంటివాళ్లేనా?" అనడిగింది. అవునంటే పచ్చి అబద్ధం. కాదని ఊరుకుంటే సగం నిజం. పూర్తి నిజం చెప్పాలంటే 1940 నుంచి 1951 దాకా మన పొలిమేర అవతల ఏం జరిగిందో ముందు మనకి తెలియాలి.

పొలిమేర అని ఎందుకన్నానంటే, మనం పామర్రు సెంటర్లో నిలబడి బెజవాడ బస్సెక్కి, అక్కణ్ణించి హైదరాబాదు రోడ్డు పట్టుకుని జగ్గయ్యపేట దాటామంటే అప్పట్లో అది వేరే రాజ్యం. ఇటు మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా, అటు నిజాం నవాబు గారి నల్లగొండ జిల్లా. మనవాళ్లు ఆ ప్రాంతాన్నంతా కలిపి 'నైజాం' అనేవారు. భాష మాత్రం ఇటూ అటూ తెలుగే.

నోటు మీద నాలుగు భాషలు

హైదరాబాదు సంస్థానంలో 16 జిల్లాలుండేవి. తెలుగు మాట్లాడేవాళ్లు సగానికి దగ్గరగా ఉంటే, మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడేవాళ్లు మిగతా సగం. నిజాం సర్కారు అచ్చేసిన కరెన్సీ నోటు మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలూ ఉండేవి. నోటు మీద దొరికిన ఆ చోటు బళ్లో మాత్రం దొరికేది కాదు. పెద్ద చదువూ, కచేరీలో కాగితమూ అన్నీ ఉర్దూలోనే. సర్కారు కొలువుల్లో ముస్లింల సంఖ్య వాళ్ల జనాభాతో పోలిస్తే చాలా ఎక్కువ. తెలుగువాళ్లకి కడుపుమంట ఉండేదంటే అందులో ఆశ్చర్యం లేదు.

కానీ ఊళ్లో రైతు వీపు మీద ఎక్కి కూచున్నది మాత్రం నవాబు కాదు. దేశ్‌ముఖ్, దొర. తెలంగాణ పల్లెల్లో ఆ దొరలు ఎక్కువమంది హిందువులే. వేల ఎకరాలు వాళ్ల చేతుల్లో ఉండేవి. కూలి ఇవ్వకుండా చేయించుకునే వెట్టిచాకిరీ, దొరసాని పల్లకీ వెంట పరిగెత్తే దాసీలు, దొరగడీలో ఆడపిల్లలకు జరిగే అన్యాయాలు... ఇవన్నీ చేసింది, చేయించింది వాళ్లే. నిజాంకి వాళ్ల అండ కావాలి, వాళ్లకి నిజాం తుపాకీ కావాలి. మతాలు వేరైనా వియ్యం బాగానే కుదిరింది!

మరి ఆ పల్లెల్లో ముస్లింలు ఎవరు? జట్కా తోలుకునేవాళ్లు, గాజులమ్ముకునేవాళ్లు, దూది ఏకేవాళ్లు, మగ్గం నేసేవాళ్లు, కచేరీలో బంట్రోతులు, రెండెకరాల చిన్న రైతులు. నవాబుగారిదీ వీళ్లదీ మతం ఒకటే గానీ వీళ్ల పొయ్యిలో పిల్లికి అదురూ బెదురూ ఉండేది కాదు.

షేక్ బందగీ అలాంటి చిన్న రైతే. జనగామ తాలూకా కామారెడ్డిగూడెం ఆయన ఊరు. అన్నదమ్ముల మధ్య భూమి తగాదా వస్తే, విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి రెండోపక్షం చేరి బందగీ భూమికి ఎసరు పెట్టాడు. బందగీ కోర్టుకెక్కి గెలిచాడు. గెలిచినందుకు 1940లో దేశ్‌ముఖ్ మనుషులు ఆయన్ని దారికాచి చంపారు. దొర హిందువు, చచ్చిపోయినవాడు ముస్లిం. అయినా ఆ చుట్టుపక్కల హిందూ రైతులెవరూ దాన్ని ఒక సాయిబు చావుగా చూడలేదు. తమలాంటివాడు ఒకడు దొరకి ఎదురు నిలిచి పోయాడనుకున్నారు. ఆయన సమాధి దగ్గర ఏటా జరిగే ఉర్సుకి రెండు మతాలవాళ్లూ వెళ్లి దణ్ణం పెట్టుకున్నారు.

సంఘం కట్టిన పందిరి

ఆంధ్ర మహాసభని తెలంగాణ పల్లెల్లో 'సంఘం' అనేవాళ్లు. 1944 భువనగిరి సభ తర్వాత అది కమ్యూనిస్టుల చేతికొచ్చి ఊరూరా పాకింది. వెట్టి చెయ్యం, భూమి వదలం అన్నవాళ్లంతా అందులో చేరారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు చేసుకున్న పొలంలో పంటని విసునూరు దొర మనుషులు కోసుకుపోకుండా కాపాడింది సంఘం వాళ్లే. 1946 జూలై 4న కడవెండిలో దొర గూండాల తుపాకీ గుళ్లకి దొడ్డి కొమరయ్య బలయ్యాక పోరాటం రాజుకుంది.

ఇక్కడ మన జిల్లా వాళ్ల పాత్ర చెప్పుకోకపోతే ఎలా? బందగీ కథే 'మా భూమి' నాటకానికి ఊపిరి. 1947లో దాన్ని రాసిన సుంకర సత్యనారాయణది బందరు రోడ్డులోని ఈడుపుగల్లు, వాసిరెడ్డి భాస్కరరావుది నందిగామ పక్క వీరులపాడు. ఆ నాటకం కోస్తా జిల్లాల్లో ఊరూరా ఆడింది. జనం గోనెపట్టాలు పరుచుకుని తెల్లవార్లూ చూశారు. అందులో హిందూ రైతూ ముస్లిం రైతూ ఒకే పక్షాన నిలబడతారు. దేశం రెండు ముక్కలై పంజాబులో రైళ్ల నిండా శవాలు వస్తున్న ఏడాది అది. అలాంటి ఏడాదిలో మన పల్లెటూరి జనం ఒక ముస్లిం రైతు కోసం కళ్లు తుడుచుకున్నారంటే తక్కువ మాటా? 1948లో మద్రాసు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది.

ఆ రోజుల్లో పాటలు పాడి, నాటకాలాడి, ఆడవాళ్లు స్టేజీ ఎక్కితే లోకం ఏమంటుందోనన్న భయాన్ని పక్కన పెట్టినవాళ్లలో మన పామర్రు ఆడబిడ్డ ఒకావిడ ఉన్నారు. కొండపల్లి కోటేశ్వరమ్మ. 1918లో ఇక్కడే పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్లీ, ఆ వెంటనే వైధవ్యం. పెద్దయ్యాక కొండపల్లి సీతారామయ్యని పునర్వివాహం చేసుకుని ఉద్యమంలోకి వెళ్లారు. పార్టీ మీద నిర్బంధం వచ్చినప్పుడు అజ్ఞాతవాసం చేశారు. తొంభై దాటాక 2012లో తన జీవితాన్ని 'నిర్జన వారధి'గా రాసుకున్నారు. నూరేళ్లు నిండాక 2018లో కన్నుమూశారు.

అటు హైదరాబాదులో జమాలున్నీసా బాజీ అనే ఆవిడ ఉండేవారు. 1915లో పుట్టిన ముస్లిం ఇల్లాలు. రహస్యంగా తిరుగుతున్న ఉద్యమకారులకు ఆవిడ ఇల్లు నీడనిచ్చింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటల్ని వాళ్ల నోటివెంటే రికార్డు చేసి, స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అని పుస్తకం వేసింది. అందులో మల్లు స్వరాజ్యం, కోటేశ్వరమ్మల గొంతులతో పాటు బాజీ గొంతు కూడా ఉంది. దొరికితే తప్పక చదవండి.

'నువ్వే రాజువి' అన్నారు

ఇంత కలిసిమెలిసి ఉన్నవాళ్ల మధ్య నెత్తురు ఎలా పారింది?

1927లో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అనే సంస్థ పుట్టింది. దాని నాయకుడు బహదూర్ యార్ జంగ్ కాలంలో ఒక నినాదం బాగా వ్యాపించింది. 'అనల్ మాలిక్' అంటే 'నేనే పాలకుణ్ణి' అని అర్థం. నిజాం ఒక్కడే కాదు, ఈ సంస్థానంలో ప్రతి ముస్లిమూ రాజ్యాధికారంలో భాగస్వామే అన్నారు. జట్కా తోలుకునేవాడికీ, గాజులమ్ముకునేవాడికీ 'నువ్వూ రాజువే' అని చెప్పారు. ఇంతా చేసి వాడి గుర్రానికి గుప్పెడు ఉలవలైనా ఇచ్చారా అంటే లేదు! రాజరికం మాటల్లోనే. దాని ఖరీదు మాత్రం తర్వాత నిజంగానే కట్టించుకున్నారు.

1944లో బహదూర్ యార్ జంగ్ పోయాడు. కొన్నాళ్లకి లాతూరు వకీలు కాశిం రజ్వీ చేతికి పగ్గాలొచ్చాయి. 1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, నిజాం మాత్రం ఇండియాలో కలవనన్నాడు. రజ్వీ పెంచిన రజాకార్లు పోలీసులతో కలిసి ఊళ్ల మీద పడ్డారు. ఇళ్లు తగలబెట్టడం, దోచుకోవడం, ఆడవాళ్లని చెరచడం నిత్యకృత్యాలయ్యాయి. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో పదుల సంఖ్యలో జనాన్ని ఒక్కరోజే చంపేశారు. ఇవన్నీ నిజాలు. మనం వీటిని తగ్గించి చెప్పకూడదు. మనకోసం తెలంగాణ తల్లులు కార్చిన కన్నీళ్లని మనమే తుడిచేసినట్టవుతుంది.

అయితే ఇంకో నిజం కూడా పక్కనే పెట్టుకోవాలి. రజాకార్లని ఎదిరించి రాసిన పత్రిక 'ఇమ్రోజ్'. దాని సంపాదకుడు షోయబుల్లా ఖాన్, ముస్లిం యువకుడు. సంస్థానం ఇండియాలో కలవాలని, రజాకార్ల ఆగడాలు ఆగాలని రాసినందుకు భైరాన్‌పల్లి ఘోరానికి వారం ముందే, ఆగస్టు 21 రాత్రి ఆయన్ని కాల్చి, రాసిన చేతిని నరికేశారు. ఈ ఘోరాలు చూడలేక ఫరీద్ మీర్జా అనే తహసీల్దారు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. ఇంకోపక్క నిజాం ప్రధానమంత్రి లాయక్ అలీ మంత్రివర్గంలో ఉప ప్రధాని పింగళి వెంకట్రామారెడ్డి. రజాకార్లకి అండగా నిలిచిన హిందూ దొరలూ ఉన్నారు. ఎవరు ఏ పక్షమో పేరు చూసి చెప్పడానికి లేదన్నమాట.

మా అమ్మమ్మ చూసిన రెండు గుంపులు

మా అమ్మమ్మ పుట్టిల్లు జగ్గయ్యపేట దగ్గర పల్లె. ఇప్పుడావిడకి తొంభై దాటాయి. అప్పటికి పదమూడేళ్లు. ఈ సంగతులు ఆవిడ నోటివెంట వింటుంటే పుస్తకాల్లో దొరకనివి దొరుకుతాయి.

"నైజాం నించి బళ్ల మీద దిగేవాళ్లమ్మా జనం. ఇత్తడి బిందెలు పాత చీరల్లో మూటగట్టుకుని, కోళ్లని గంపలకింద పెట్టుకుని... పొద్దుపోయాక అటేపు ఆకాశం ఎర్రగా కనపడేది. ఏదో ఊరు కాలిపోతందనేవాళ్లు. మా అమ్మ గంగాళంతో అన్నం వార్చి అరుగు మీద పెట్టేది. ఎంతమంది వస్తే అంతమందికి మజ్జిగ నీళ్లన్నా పోసేది. అప్పుడే ఇన్నాం 'రజాకార్లు' అన్న మాట."

"మరి పోలీసు చర్య అయిపోయాక?" అనడిగాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "దసరా వెళ్లాక అనుకుంటా, మా ఊరి గాజుల సాయిబు ఇంటికి అతని మేనకోడలు వచ్చింది. సంకలో ఒక పిల్ల, చేత్తో పట్టుకుని ఒక పిల్లాడు. చేతికి ఒక్క గాజు లేదు. గాజులమ్మే ఇంటి పిల్ల గదా, మా అమ్మ దాని చేతులు చూసి నోరు కొట్టుకుంది. మొగుణ్ణి కళ్లముందే చంపారంట. ఈ పిల్లాడికి బొట్టెట్టి, గోచీ పెట్టి మా పిల్లాడే అని ఎవరో కాపుగారి కోడలు రెండ్రోజులు దాచిందంట. ముందొచ్చినోళ్లు సాయిబులకి జడిసి వచ్చారు. ఇది సాయిబైనందుకు వచ్చింది. మా అమ్మకి ఇవేమీ పట్టలేదు. దానికీ అదే గంగాళంలోంచి అన్నం పెట్టింది."

మన జ్ఞాపకాల్లో మొదటి గుంపు నిలిచింది. వాళ్లు వందలు, వేలు కాబట్టి, వాళ్ల కథ అందరూ చెప్పారు కాబట్టి. గాజుల్లేని ఆ ఒక్కతి కథ మాత్రం అరుగు దిగి బయటికి రాలేదు.

అయిదు రోజులు, ఆ తర్వాత

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి కదిలింది. అందులో ఒక దారి మన బెజవాడ నుంచే. 17వ తేదీకల్లా నిజాం లొంగిపోయాడు. అయిదు రోజుల్లో పని పూర్తయింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. పీల్చుకోవాల్సిందే కదా!

ఆ తర్వాత ఏమైందన్నది చాలాకాలం బయటికి రాలేదు. ప్రధాని నెహ్రూ కోరిక మీద పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అనే ముగ్గురు నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానంలోని తొమ్మిది జిల్లాలు తిరిగారు. వాళ్లు రాసిన నివేదికని ప్రభుత్వం దాచేసింది. 2013లో గానీ అది అందరూ చదవడానికి వీలు చిక్కలేదు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని అందులో అంచనా వేశారు. వాళ్లలో అత్యధికులు ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో 18 వేలకి తగ్గలేదన్నారు. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్‌లలో కలిపి కనీసం అయిదు వేలన్నారు. సైనికుల్లో, పోలీసుల్లో కొందరు దోపిడీలో చెయ్యి కలిపారనీ రాశారు. రజాకార్లు అంతకుముందు చేసిన ఘోరాలనీ కప్పిపుచ్చలేదు.

ఆడవాళ్ల గురించి రాసిన చోట చదవడం కష్టం. ఎత్తుకుపోవడాలు, చెరచడాలు, మానం కాపాడుకోవడానికి బావుల్లో దూకడాలు... రజాకార్ల దాడుల్లో హిందూ స్త్రీకి ఏది జరిగిందో, ఇప్పుడు ముస్లిం స్త్రీకి అదే జరిగింది. పగ ఎవరిదైనా పగతీర్చుకునే చోటు మాత్రం ఆడదాని ఒళ్లే!

ఇంతకీ రాజుగారికి ఏమైంది? ఏమీ కాలేదు. 1950 జనవరి 26 నుంచి ఆయన హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్. 1956 దాకా ఆ పదవిలో ఉన్నాడు. ఏటా లక్షల రూపాయల రాజభరణం. కాశిం రజ్వీ జైలుశిక్ష అనుభవించి 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. పారిపోయిన దేశ్‌ముఖ్‌లు చాలామంది ఖద్దరు టోపీ పెట్టుకుని తిరిగొచ్చారు. జట్కావాడు, గాజులవాడు, బంట్రోతు... 'నువ్వే రాజువి' అనిపించుకున్న పాపానికి వీళ్లు రాజు బాకీ తీర్చారు.

మతమే అసలు కారణమనుకుందామంటే, మన పక్క ఊళ్ల సంగతి గుర్తు చేసుకోండి. 1949లో మనకి కూతవేటు దూరంలోని యలమర్రు, కాటూరుల్లో కమ్యూనిస్టుల కోసం వెతుకుతూ మలబారు పోలీసులు మగవాళ్ల బట్టలు విప్పించి ఊరేగించారు, చావబాదారు. అక్కడ నవాబూ లేడు, రజాకారూ లేడు. తుపాకీ చేతిలో ఉన్నవాడు ఒక ఊరిని 'శత్రువు' అనుకుంటే చాలు. తెలంగాణలో పోరాటం 1951 అక్టోబరులో విరమించేనాటికి నాలుగు వేల మంది దాకా రైతులు, కార్యకర్తలు చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు.

ఉక్రెయిన్‌లోనూ ఇదే కథ

మన జిల్లాలో ఉక్రెయిన్ పేరు తెలియని వీధి ఉండదిప్పుడు. ఎంబీబీఎస్ చదవడానికి వెళ్లిన పిల్లలు 2022లో యుద్ధం మొదలవగానే బాంబుల మధ్య నుంచి ఇళ్లకు చేరారు. మా పక్క వీధి కుర్రాడు విన్నిత్సియాలో చదివేవాడు. ఆ ప్రాంతంలో వందేళ్ల కిందట జరిగింది తెలుసుకుంటే మన హైదరాబాదు సంగతి మరింత బాగా అర్థమవుతుంది.

1917లో రష్యాలో చక్రవర్తి పోయాడు. ఉక్రెయిన్‌వాళ్లు తమ ప్రభుత్వం తాము పెట్టుకున్నారు. అక్కడ యూదులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. కొత్త ప్రభుత్వం వాళ్లని కలుపుకుంది. యూదుల వ్యవహారాలకి ప్రత్యేకంగా ఒక మంత్రి. 1918 జనవరిలో స్వయంపాలన చట్టం. అచ్చేసిన నూరు కార్బోవానెట్స్ నోటు మీద ఉక్రెయినీతో పాటు రష్యన్, పోలిష్, యూదుల ఇడ్డిష్ భాష. మన నిజాం నోటు గుర్తొస్తోందా?

ఏడాది తిరక్కుండా అంతా తలకిందులైంది. ప్రభుత్వాలు మారాయి, ఊరికో సైన్యం, సైన్యానికో నాయకుడు. అంతకుముందు పోలండు జమీందార్ల దగ్గర శిస్తు వసూళ్లకీ, సారా దుకాణాలకీ యూదులుండేవాళ్లు. రైతుకి జమీందారు కనపడడు, ఎదురుగా కనపడేది యూదే. ఇప్పుడు బోల్షివిక్కుల్లో కొందరు యూదులు కనపడ్డారు. అంతే, 'యూదులంటే బోల్షివిక్కులే' అన్నారు. 1919 ఫిబ్రవరి 15న ప్రొస్కురోవ్ అనే పట్టణంలో ఉక్రెయిన్ సైనికులు కొన్ని గంటల్లోనే దాదాపు 1,500 మంది యూదుల్ని కత్తులతో నరికారు. దుకాణం పెట్టుకున్న ముసలివాడూ, పాలిచ్చే తల్లీ కూడా బోల్షివిక్కులేనా? ఉక్రెయిన్ సైన్యం, జనరల్ దెనీకిన్ తెల్ల సైన్యం, సొంత ముఠాలు, కొన్నిచోట్ల ఎర్ర సైనికులు కూడా ఇందులో పాలుపంచుకున్నారు. 1921 వరకూ చనిపోయినవాళ్లు 50 వేలకి తక్కువ కాదనీ, లక్ష దాటి ఉంటారనీ చరిత్రకారుల లెక్కలు. కొన్ని ఊళ్లలో మాత్రం ఉక్రెయిన్ రైతులు పక్కింటి యూదులని అటకల మీదా, గడ్డివాముల్లోనూ దాచి కాపాడారు.

ఉక్రెయిన్ నాయకుడు పెట్లూరాని 1926లో పారిస్ నడివీధిలో ఒక యూదుడు కాల్చి చంపాడు. తనవాళ్లని చంపించింది ఇతనే అన్నాడు. కోర్టు అతన్ని విడిచిపెట్టింది. ఉక్రెయిన్‌వాళ్లకి పెట్లూరా స్వాతంత్ర్య వీరుడు, యూదులకి హంతకుడు. ఆ ప్రొస్కురోవ్ పేరుని 1954లో ఖ్మెల్నిత్స్కీ అని మార్చారు. ఆ పేరుగల నాయకుడు 1648లో పోలండు జమీందార్ల మీద తిరగబడ్డ వీరుడని ఉక్రెయిన్‌వాళ్ల పాఠం. ఆ తిరుగుబాటులో తమవాళ్లని ఊచకోత కోశారని యూదుల పాఠం. ఒకే మనిషి, రెండిళ్లలో రెండు కథలు.

అయినా కాలం అక్కడే ఆగిపోలేదు. 2019లో ఉక్రెయిన్ ప్రజలు ఓట్లేసి గెలిపించుకున్న అధ్యక్షుడు జెలెన్‌స్కీ యూదుడే.

పక్కింటి తలుపు ఎందుకు తెరుచుకుంది?

రెండు చోట్లా జరిగింది చూస్తే నాకొకటి అనిపిస్తుంది. తిరుగుబాటు వచ్చినప్పుడు జనం కోపం దూరాన ఉన్న రాజుని అందుకోలేదు. దగ్గర్లో ఉండి, రాజుకి ఏదో ఒక పోలిక ఉన్నవాడి మీద పడుతుంది. భాషో, టోపీయో, దేవుడో... ఏదో ఒక పోలిక చాలు.

మరి కొన్ని ఊళ్లలో అలా ఎందుకు జరగలేదు? సంఘం బలంగా ఉన్న పల్లెల్లో పేద ముస్లింలకు హాని జరగకుండా కాపాడుకున్నారని సుందరయ్య తెలంగాణ పోరాటం మీద 1972లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. ఆయన ఆ ఉద్యమ నాయకుడు, తనవాళ్ల గురించి చెప్పుకున్నాడంటారా? సరే, సుందర్‌లాల్ గారి నివేదిక ఆ పార్టీది కాదు కదా! అందులోనూ ఒక మాట ఉంది. ఒకే వృత్తి చేసేవాళ్ల మధ్య ఆత్మీయత ప్రత్యేకంగా కనిపించిందట. హిందూ నేతపనివాళ్లు ముస్లిం నేతపనివాళ్లకి అడ్డం నిలబడి కాపాడారట, ప్రాణాలు పోగొట్టుకుని మరీ! ఎత్తుకుపోయిన ముస్లిం స్త్రీలని వెతికి ఇంటికి చేర్చడంలో చాలామంది హిందువులు సాయపడ్డారట.

ఒకే సంతలో నూలు కొన్నవాళ్లు, ఒకే షావుకారుకి బాకీ ఉన్నవాళ్లు, ఒకే దొర పొలంలో నడుం విరగ్గొట్టుకున్నవాళ్లు... వాళ్లకి ఎదుటివాడు రాజులా కనిపించలేదు. తమలాంటివాడుగా కనిపించాడు. ఆ కాపుగారి కోడలికీ అంతే. ఆ పిల్లాడి తల్లి ఆవిడకి గాజులు తొడిగిన చెయ్యి. 'మనమంతా ఒక్కటే' అనే ఉపన్యాసాలకి ఆ రెండ్రోజులు తలుపేసి పిల్లాణ్ణి దాచే ధైర్యం వస్తుందా? ఏళ్ల తరబడి ఇచ్చిపుచ్చుకున్న బియ్యానికీ, పురిటికి చేసిన సాయానికీ, కలిసి కూచుని ఏరుకున్న పత్తికీ వస్తుంది.

అన్ని ఊళ్లలో అలా జరగలేదు. జరిగుంటే ఆ నివేదికలో అన్ని వేలు ఉండేవి కావు.

మనింట్లో ఏం చెబుదాం?

సెప్టెంబరు 17 వస్తే ఇప్పటికీ పేరు దగ్గరే గొడవ. విమోచన దినం అంటారొకరు, విలీనం అంటారొకరు, విద్రోహం అనేవాళ్లూ ఉన్నారు. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం విమోచన దినంగా జరుపుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినమంది, 2024లో ప్రజాపాలన దినోత్సవమంది. పేర్లు పెట్టేవాళ్లు పెట్టుకోనీండి. ఇంట్లో పిల్లలకి చెప్పాల్సింది మాత్రం మనమే.

భైరాన్‌పల్లి చెప్పండి. చెబుతూ షోయబుల్లా ఖాన్ చేతిని ఎవరు నరికారో, ఎందుకు నరికారో చెప్పండి. ఐలమ్మ చెప్పండి, బందగీనీ చెప్పండి. అయిదు రోజుల పోలీసు చర్యతో ఆపేయకుండా ఆ తర్వాతి నెలలు కూడా చెప్పండి. ఒక ఘోరాన్ని చెప్పి, రెండోది దానికి జవాబులే అనకండి. లెక్క సరిపోయిందనుకునే మాటల్లోంచే మళ్లీ కొత్త పగలు మొలుస్తాయి. 'అంతకుముందు వాళ్లు చెయ్యలేదా?' అన్న మాట ఇక్కడా వినపడింది, ఉక్రెయిన్‌లోనూ వినపడింది. అది అన్నవాళ్లెవరూ అసలు దోషుల ఇంటికి వెళ్లలేదు, పక్కింటికే వెళ్లారు.

ఇంకొక్క పని. ఎనభై అయిదు, తొంభై ఏళ్ల పెద్దవాళ్లు మన ఇళ్లల్లో ఇంకా కొందరున్నారు. నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు వైపు పుట్టి మన డెల్టాకి కోడళ్లుగా వచ్చినవాళ్లయితే మరీనూ. మధ్యాహ్నం పని తెమిలాక పక్కన కూచుని, "అప్పుడు మనింటికి ఎవరొచ్చారు? ఏం పెట్టారు? ఎక్కడ పడుకోబెట్టారు?" అని అడగండి. రాజుల పేర్లు వాళ్లకి గుర్తుండకపోవచ్చు. ఎవరికి అన్నం పెట్టిందీ గుర్తుంటుంది. ఓ పాత నోటుబుక్కులో రాసి పెట్టండి. ఆ ముసలివాళ్లు ఇంకెన్నాళ్లో ఉండరు. మన పిల్లలు బళ్లో పక్కపక్కన కూచోవాల్సిన రోజులు మాత్రం చాలా ఉన్నాయి.